పైలట్ ఉద్యోగం: అపోహలు - వాస్తవాలు

ఇంటర్ ఫలితాలు వచ్చాయంటే నా ఫోన్‌కి తీరిక ఉండదు. చుట్టాలు, చుట్టాల చుట్టాలు, అమ్మతో కలిసి పనిచేసిన టీచర్లు, అందరిదీ ఒకటే ప్రశ్న. "మా వాడు పైలట్ అవుతానంటున్నాడమ్మా. పంపించమంటావా, లేక బీటెక్‌లో చేర్పిస్తే సేఫా?" నేను పద్నాలుగేళ్ళుగా ఎయిర్‌లైన్‌లో ఉన్నాను. ఏడేళ్ళుగా కెప్టెన్‌ని, ఎయిర్‌బస్ ఏ320 విమానం మీద. అడిగిన ప్రతి ఒక్కరికీ గంటసేపు చెబుతూనే ఉన్నాను. అయినా అవే పుకార్లు మళ్ళీ మళ్ళీ వస్తున్నాయి, అందుకే రాస్తున్నాను.

పోయినేడాది వేసవిలో ఖమ్మంలో ఒక పెళ్ళికి వెళ్ళాను. భోజనాలయ్యాక సత్తుపల్లి దగ్గరి నుంచి వచ్చిన ఒకాయన నా పక్కన కుర్చీ వేసుకుని కూర్చున్నారు. ఫోన్‌లో ఒక ప్రకటన చూపించారు. 14 నెలల్లో పైలట్, నూటికి నూరు శాతం ఉద్యోగం, కింద ఒక ఫోన్ నంబర్. "రోడ్డు పక్క రెండెకరాలు ఉంది మేడమ్. బేరం కుదిరింది. అడ్వాన్స్ తీసుకోమంటారా?" ఆయన వెనకాలే కొడుకు నిలబడి ఉన్నాడు, సిగ్గుగా. మెడికల్ చేయించారా అని అడిగాను. "వాడికేం మేడమ్, ఉక్కులా ఉంటాడు" అన్నారు.

నాకు కడుపులో తిప్పినట్టయింది. పొలానికి బేరం కుదిరింది, పిల్లాడికి కనీసం కంటి పరీక్ష కాలేదు.

అపోహ: పైలట్లకు విపరీతమైన కొరత. సీపీఎల్ (కమర్షియల్ పైలట్ లైసెన్సు) చేతికొస్తే ఉద్యోగం వచ్చినట్టే.

ఈ ఒక్క మాట మన ఊళ్ళలో ఎన్ని ఎకరాలు అమ్మించిందో. మిగతా అపోహలన్నీ ఒక ఎత్తు, ఇదొక్కటీ ఒక ఎత్తు.

కొరత ఉన్న మాట నిజం. కానీ ఆ కొరత కెప్టెన్లకి. కెప్టెన్ కావాలంటే ఏటీపీఎల్ అనే పై లైసెన్సు ఉండాలి. ఏటీపీఎల్‌కి కనీసం 1500 గంటలు ఎగిరి ఉండాలి, ఆపైన ఎయిర్‌లైన్ పెట్టుకున్న లెక్కలు వేరే. మీ అబ్బాయి సీపీఎల్‌తో బయటికి వచ్చేసరికి లాగ్‌బుక్‌లో, అంటే ఎగిరిన గంటలు రాసుకునే పుస్తకంలో, ఉండేది 200 గంటలు, అందులో ఎక్కువ భాగం చిన్న సెస్నా శిక్షణ విమానం మీదే. ఆ 200 గంటల పిల్లలకు కొరత లేదు. 2023 ఒక్క ఏడాదిలోనే డీజీసీఏ (లైసెన్సులిచ్చే కేంద్ర విమానయాన సంస్థ) 1,600కు పైగా సీపీఎల్‌లు ఇచ్చింది. ప్రతి బ్యాచ్‌లోనూ ఎయిర్‌లైన్ రాత పరీక్ష, సైకోమెట్రిక్ (మనస్తత్వ పరీక్ష), సిమ్యులేటర్ చెక్ దాటలేక ఆగిపోయినవాళ్ళు ఉంటారు. వాళ్ళు మరుసటి ఏడాది కొత్త బ్యాచ్‌తో కలిసి మళ్ళీ వరుసలో నిలబడతారు.

"మరి వందల విమానాలు ఆర్డర్ ఇచ్చారుగా" అంటారు. ఇచ్చారు. 2023లో ఎయిరిండియా 470, ఇండిగో 500. అవన్నీ వచ్చే ఏడాదికి రన్‌వే మీదికి రావు. ఏళ్ళ తరబడి విడతలు విడతలుగా వస్తాయి. మధ్యలో ఇంజిన్ల సమస్యతో ఉన్న విమానాలే నేల మీద ఆగిపోయిన సంగతి మనం చూశాం. గో ఫస్ట్ 2023 మేలో దివాలా పిటిషన్ వేయడానికి చెప్పిన కారణం అదే. జెట్ ఎయిర్‌వేస్ 2019 ఏప్రిల్ 17న ఆగింది. కింగ్‌ఫిషర్ 2012లో ఆగింది. ఒక ఎయిర్‌లైన్ మూతపడితే అనుభవం ఉన్న పైలట్లు ఒక్కసారిగా మార్కెట్‌లోకి వస్తారు. వాళ్ళ పక్కన 200 గంటల లాగ్‌బుక్‌ని ఎవరు చూస్తారు?

నా సంగతే చెబుతాను. నేను 2009లో సీపీఎల్ పూర్తి చేశాను. చేరినప్పుడు దేశమంతా పైలట్లు కావాలి, పైలట్లు కావాలి అన్నారు. బయటికి వచ్చేసరికి మాంద్యం, ఎవరూ తీసుకోవడం లేదు. నాన్న అప్పటికే ఇల్లు తాకట్టు పెట్టి పాతిక లక్షలు తెచ్చారు. రెండేళ్ళ ఎనిమిది నెలలు ఖాళీ. అందులో ఏడాదిన్నర శంషాబాద్‌లో చెక్-ఇన్ కౌంటర్ దగ్గర పనిచేశాను. పెట్టె తూకం వేయడం, ట్యాగ్ చుట్టడం, బోర్డింగ్ పాస్ ఇవ్వడం. రోజూ తెల్లవారుజామున క్రూ ట్రాలీ బ్యాగులు లాక్కుంటూ నా కౌంటర్ ముందు నుంచే వెళ్ళేవాళ్ళు. ఆ చక్రాల చప్పుడు వినగానే నేను తల దించుకుని ప్రింటర్‌లో కాగితం సర్దుకునేదాన్ని. ఇంటికి వచ్చాక లాగ్‌బుక్ తీసి చివరి పేజీలో మొత్తం గంటలు రాసిన గడి చూసుకునేదాన్ని. 203. నెలలు గడిచినా 203.

ఖాళీగా ఉన్నా ఖర్చు ఆగదు, ఇది ఎవరూ చెప్పరు. ఏటా మెడికల్, ఏటా ఇన్‌స్ట్రుమెంట్ రేటింగ్ (బయట ఏమీ కనిపించకపోయినా పరికరాలు చూసి నడిపే అర్హత) రెన్యువల్. ఆ రెన్యువల్ కోసం మళ్ళీ డబ్బు కట్టి ఎగరాలి. ఒకటి వదిలేశారా, పిలుపు వచ్చిన రోజు మీ దగ్గర లైసెన్సు ఉండీ లేనట్టే.

ఇవాళ్టి లెక్క చూడండి. మన దేశంలో సీపీఎల్‌కి సుమారుగా 50 నుంచి 65 లక్షలు. ఆపైన టైప్ రేటింగ్‌కి, అంటే ఫలానా రకం విమానం నడిపే అర్హతకి, మరో 15 లక్షలు, అటూ ఇటూగా. ఎయిర్‌లైనే ఎంపిక చేసి శిక్షణ ఇప్పించే క్యాడెట్ ప్రోగ్రామ్ అయితే కోటి దాటుతుంది, అక్కడ ఇచ్చే ఆఫర్ కూడా షరతులతోనే ఉంటుంది. 60 లక్షలు 11 శాతం వడ్డీకి పదేళ్ళకు తీసుకుంటే ఈఎంఐ నెలకు దాదాపు 83 వేలు. కొత్త ఫస్ట్ ఆఫీసర్ (కో-పైలట్) జీతం ఎయిర్‌లైన్‌ని బట్టి లక్షన్నర, రెండు లక్షలు అలా ఉంటుంది కాబట్టి ఉద్యోగం ఉంటే కట్టగలరు. ఉద్యోగం రావడానికి మూడేళ్ళు పడితే ఆ 83 వేలు ఎవరు కడతారు? ముందు ఆ ప్రశ్నకు ఇంట్లో అందరూ కూర్చుని జవాబు వెతుక్కోండి. జవాబు దొరక్కపోతే పొలం జోలికి వెళ్ళకండి.

ఉద్యోగం రాలేదు కదా అని టైప్ రేటింగ్ కూడా సొంత డబ్బుతో చేసేస్తే పిలుస్తారన్నది ఇంకో పుకారు. ఆఫర్ చేతిలో లేకుండా ఏ320 రేటింగ్ చేయించుకుని, ఆ విమానం మీద ఒక్క గంట అనుభవం లేక కూర్చున్నవాళ్ళు నాకు తెలుసు. మొదటి అప్పు మీద రెండో అప్పు, అంతే. ఏ ఎయిర్‌లైన్ ఏ విమానం మీద తీసుకుంటుందో తెలిసేదాకా ఆగండి. "లోపల మనవాళ్ళు ఉన్నారు, పది లక్షలిస్తే సీటు ఖాయం" అనేవాడు కనిపిస్తే అక్కడి నుంచి లేచి వచ్చేయండి. దొడ్డిదారి ఎక్కడికి తీసుకెళ్తుందో 2011లో చూశాం. నకిలీ మార్కుల షీట్లతో లైసెన్సు తెచ్చుకున్న పైలట్లను అరెస్టు చేశారు.

మరి ఏం చేయాలి? డబ్బు ఖర్చయ్యే వరుసను తిరగేయండి. ముందు క్లాస్ 2 మెడికల్ (తొలి వైద్య పరీక్ష), వెంటనే కమర్షియల్ పైలట్‌కి కావాల్సిన క్లాస్ 1. వీటికయ్యేది వేలల్లోనే. ఆ తర్వాత కంప్యూటర్ నంబర్ (పరీక్షల రిజిస్ట్రేషన్ నంబర్) తీసుకుని డీజీసీఏ పేపర్లు రాయండి. నావిగేషన్, మెటియొరాలజీ (వాతావరణం), రెగ్యులేషన్స్ (విమానయాన నిబంధనలు), టెక్నికల్. ఒక్కోదానికి 70 శాతం రావాలి. పిల్లాడికి ఈ దారి మీద నిజంగా ఇష్టం ఉందో లేదో ఈ పేపర్లే చెబుతాయి. అవి పాసయ్యాక ఫ్లయింగ్‌కి డబ్బు కట్టండి, అదీ విడతలుగా. ముందే మొత్తం కట్టేస్తే డిస్కౌంట్ అంటే ఒప్పుకోకండి.

స్కూల్‌కి వెళ్ళినప్పుడు క్లాస్‌రూమ్ ఏసీ చూడకండి, హ్యాంగర్‌కి వెళ్ళండి. ఈ రోజు ఎగరడానికి సిద్ధంగా ఉన్న విమానాలు ఎన్ని, ఇన్‌స్ట్రక్టర్లు ఎంతమంది, విద్యార్థులు ఎంతమంది, పోయిన నెల ఒక్కొక్కరు ఎన్ని గంటలు ఎగిరారు? అక్కడి పిల్లల్ని పక్కకు పిలిచి అడగండి, నిజం చెబుతారు. 14 నెలలన్న కోర్సు రెండేళ్ళు, మూడేళ్ళు సాగడం మామూలైపోయింది. 2025 అక్టోబరు నుంచి డీజీసీఏ శిక్షణ సంస్థలకు ర్యాంకులు ఇస్తోంది. మొదటి జాబితాలో పై రెండు శ్రేణుల్లో ఒక్క సంస్థ కూడా లేదు. ఆ జాబితా చూడకుండా ఎక్కడా సంతకం పెట్టకండి.

అపోహ: ఆరోగ్యంగా ఉన్నాడుగా, మెడికల్ ఒక లెక్కా?

పైకి ఆరోగ్యంగా కనిపించే పిల్లలకు రంగుల చూపులో తేడా ఉండొచ్చు, ఈసీజీలో ఏదో ఒకటి కనిపించొచ్చు. ఇరవై ఏళ్ళ దాకా ఎవరికీ తెలియదు, ఎందుకంటే ఎవరూ చూడలేదు. కళ్ళద్దాలు మాత్రం అడ్డు కాదు. అద్దాలతో చూపు సరిపోతే చాలు. "సైట్ ఉంది కాబట్టి మా అమ్మాయి కల పోయింది" అని ఏడ్చిన తల్లిని ఓదార్చాను. ఆ అమ్మాయికి ఇప్పుడు క్లాస్ 1 ఉంది.

సేఫ్ అన్న మాటకు నా మట్టుకు అర్థం ఈ మెడికలే. వినికిడి పరీక్ష చేసే ఆడియోమెట్రీ గది తెలుసా? బీరువా కంటే కొంచెం పెద్దది, మందపాటి తలుపు. హెడ్‌ఫోన్ పెట్టుకుని, చేతిలో బటన్ పట్టుకుని కూర్చుంటాం. శబ్దం వినపడితే నొక్కాలి. శబ్దం సన్నబడుతూ పోతుంది. ఒక దశలో వినిపించింది ఆ శబ్దమా, నా చెవిలో కొట్టుకుంటున్న నాడి చప్పుడా అని అనుమానం వస్తుంది. ఇన్నేళ్ళుగా వెళ్తున్నాను, ఇప్పటికీ ఆ గదిలో నా అరచెయ్యి తడుస్తుంది. ఎందుకంటే ఆ కాగితం మీద అన్‌ఫిట్ అని పడితే మర్నాటి నుంచి నేను ఎగరను.

మా తమ్ముడు బ్యాంకులో ఆఫీసర్. నా అప్పు తీరేసరికి నాకు ముప్పై దాటాయి, వాడు అప్పటికి ఇల్లు కట్టేశాడు. ఇప్పుడు నా జీతం వాడి జీతానికి చాలా రెట్లు. కానీ వాడికి షుగర్ వచ్చింది, బిళ్ళ వేసుకుని బ్యాంకుకు వెళ్తున్నాడు. రేపు ఇన్సులిన్ దాకా వచ్చినా వెళ్తాడు. నాకైతే ఆ రోజుతో సరి. 2020 మార్చి 25 నుంచి రెండు నెలలు దేశంలో మామూలు ప్రయాణికుల విమానాలే ఎగరలేదు, చాలా ఎయిర్‌లైన్లలో జీతాలు కోశారు. ఆ నెలల్లో మా ఇల్లు నడిచింది వాడి జీతంతో. ఉద్యోగంలో చేరిన వారంలోనే లాస్ ఆఫ్ లైసెన్స్ ఇన్సూరెన్స్ (మెడికల్ పోయి ఎగరలేకపోతే డబ్బిచ్చే బీమా) తీసుకోమని నేను జూనియర్ల వెంటపడేది అందుకే.

ఇంట్లో ఒకే సంపాదన ఉండి, ఉన్న ఆస్తి అంతా దీని మీదే పెట్టాల్సిన పరిస్థితి అయితే, ముందు డిగ్రీ చేయించండి. నా అభిప్రాయం ఇది, తోటి పైలట్లు కొందరు ఒప్పుకోరు. 18కే మొదలుపెట్టకపోతే ఆలస్యమైపోతుందని స్కూళ్ళు తొందరపెడతాయి. 22కి మొదలుపెట్టినా 65 దాకా ఎగరొచ్చు. మధ్యలో మెడికల్ పోతే, మార్కెట్ పడితే, చేతిలో ఇంకో చదువు ఉంటుంది. నా దగ్గర లేదు. అందుకే పెట్టెలకు ట్యాగులు కట్టాను.

అపోహ: ప్రాణాలకు గ్యారంటీ లేని ఉద్యోగం.

2025 జూన్ 12న అహ్మదాబాద్ విమాన ప్రమాదం జరిగిన రోజు అమ్మ నాకు పదకొండు సార్లు ఫోన్ చేసింది. నేను గాల్లో ఉన్నాను. దిగాక చూసుకుని చేశాను, "హలో" అన్నాను, అవతల ఏడుపు తప్ప మాట లేదు. కాబట్టి భయపడే తల్లిదండ్రులను నేను ఏమీ అనను. ఒకటి మాత్రం చెబుతాను. ప్రతి ఆరు నెలలకు మమ్మల్ని సిమ్యులేటర్‌లో కూర్చోబెట్టి, సరిగ్గా టేకాఫ్ అయ్యే క్షణంలో ఇంజిన్ ఆపేసి పరీక్షిస్తారు. తప్పితే ప్రయాణికుల విమానం నడపనివ్వరు. ఏటా రెండుసార్లు ఇలా పరీక్ష పెట్టే ఉద్యోగాలు నాకు తెలిసి చాలా తక్కువ. ఈ కొలువులో రిస్కు ఎక్కువగా ఉన్నది మీ అప్పులో, మెడికల్ కాగితంలో.

మిగతావి త్వరగా. ఆటోపైలటే అంతా చేస్తుందంటారు. అది మేం చెప్పింది చేస్తుంది. మేఘం చుట్టూ ఎటు తిరగాలో, ఎప్పుడు వెనక్కి వెళ్ళాలో మేమే చెప్పాలి. ఆడపిల్లలకు పనికిరాదంటారు. మన దేశ పైలట్లలో దాదాపు 15 శాతం మహిళలే, ప్రపంచంలోకెల్లా ఎక్కువ వాటా మనదే. పైలట్ అంటే ఊళ్ళు చూడటం అంటారు. తెల్లవారుజామున నాలుగింటికి రిపోర్టింగ్, పండగ రోజు పుణెలో హోటల్ గది. 2025 డిసెంబరులో వేల ఫ్లైట్లు రద్దయినప్పుడు అందరూ ఎఫ్‌డీటీఎల్ (పైలట్ల డ్యూటీ గంటలు, విశ్రాంతి నిబంధనలు) అన్న మాట విన్నారు కదా. వారపు విశ్రాంతిని 36 గంటల నుంచి 48కి పెంచమని మేం అడిగింది సుఖానికి కాదు. అలసిపోయిన కళ్ళతో రాత్రి రన్‌వే లైట్లు చూడటం ఎలా ఉంటుందో మాకు తెలుసు.

సత్తుపల్లి ఆయన అడ్వాన్స్ తీసుకోలేదు. అబ్బాయికి క్లాస్ 2 అయింది, క్లాస్ 1 కూడా వచ్చింది. డిగ్రీలో చేరి పక్కనే పేపర్లు రాస్తున్నాడు. పోయిన వారం ఫోన్ చేశాడు. మెటియొరాలజీలో 78, రెగ్యులేషన్స్‌లో 66. గొంతు చిన్నబోయింది. నేను కూడా రెగ్యులేషన్స్ రెండోసారే పాసయ్యానని చెప్పాను. మళ్ళీ ఎప్పుడు రాస్తావు అంటే, ఫీజు కట్టేశానక్కా అన్నాడు. వెనకాల ట్రాక్టర్ చప్పుడు వినిపిస్తోంది. రోడ్డు పక్క రెండెకరాల్లో దుక్కి దున్నిస్తున్నారట.