కొత్త విద్య మొదట్లో కలిగే నిరుత్సాహం గురించి పిల్లలకు ఉత్తరం

చిరంజీవులైన పిల్లలకు,
హనుమకొండ నుండి తాతయ్య ఆశీస్సులు.

వేసవి సెలవుల్లో ముచ్చటపడి పేరిణి నృత్యం నేర్చుకోవడానికి చేరిన మీలో కొందరు, పట్టుమని పదిహేను రోజులైనా కాకముందే "నా వల్ల కాదు" అంటున్నారని మీ అమ్మానాన్నలు చెప్పారు. ఆ మాట ఎందుకు వస్తుందో మీకు వివరంగా చెప్పాలనిపించింది.

కొత్త విద్యలో కన్ను ముందు నేర్చుకుంటుంది, ఒళ్లు ఆలస్యంగా నేర్చుకుంటుంది. గురువుగారి అడుగు ఎంత నిండుగా పడుతున్నదో, ముందు వరుసలోని అక్క అరమండిలో, అంటే మోకాళ్లు పక్కలకు తెరిచి సగం కూర్చున్న భంగిమలో, ఎంత నిలకడగా ఉన్నదో మీకు ఇట్టే తెలిసిపోతుంది. మీ మోకాళ్లు మాత్రం పక్కలకు తెరుచుకోవు, తొడలు వణుకుతాయి, చేతిని చూసుకుంటే తాళం తప్పుతుంది, తాళం పట్టుకుంటే చెయ్యి జారిపోతుంది. ఏది బాగుందో తెలిసినందువల్లనే మీది బాగా లేదన్న బాధ కలుగుతున్నది. ఆ రోజుల్లో మీ శక్తి ఇంతేనని మీరే తేల్చేసుకోకండి.

మీరు నేర్చుకుంటున్న పేరిణి మన దాకా ఎలా వచ్చిందో తెలుసా? కాకతీయుల కాలంలో వెలిగిన ఆ నృత్యం తర్వాత శతాబ్దాల పాటు కనుమరుగైంది. దానిని తిరిగి నిలబెట్టిన నటరాజ రామకృష్ణ గారికి అడుగు వేసి చూపించే గురువు లేరు. గణపతిదేవుని సేనాని జాయప సంస్కృతంలో రాసిన నృత్తరత్నావళి, 1213 నాటి రామప్ప గుడి శిల్పాలు ఆయనకు ఆధారమయ్యాయి. శిల్పంలో ఒక భంగిమ కనిపిస్తుంది గానీ, ఆ భంగిమలోకి కాలు ఎటు నుంచి వచ్చిందో, అక్కడి నుంచి ఎటు కదిలిందో రాయి చెప్పదు. ఆ నడుమ ఉన్నదంతా వేసి చూసి, పొసగకపోతే వదిలి, మళ్లీ వెతుక్కోవలసిందే. ఈసారి ఆ గుడి ఉన్న పాలంపేట వెళ్లినప్పుడు స్తంభాల మీది నర్తకుల ఎదుట కాసేపు నిలబడి, ఏదైనా రెండు భంగిమలను కలిపే ప్రయత్నం చేయండి. ఆ పని ఎంత ఓపికను కోరుతుందో మీ కాళ్లకే తెలుస్తుంది.

ఒకే అడుగును మూడు కాలాల్లో, అంటే ఒకదానికన్నా ఒకటి వేగంగా, వేయిస్తారు కదా, మీరంతా మూడో కాలం కోసం ఆరాటపడతారు, చూడటానికి అదే అందంగా ఉంటుంది కాబట్టి. నా మాట విని మొదటి కాలంలోనే కొన్నాళ్లు ఉండండి. తప్పు ఎక్కడ జరుగుతున్నదో ఆ నిదానంలోనే దొరుకుతుంది. అడుగంతా కాక, తడబడే ఆ చిన్న ముక్కనే రోజూ కాసేపు సాధన చేసి, కంటి నిండా నిద్రపోండి. పగలు నేర్చిన కదలికలను మెదడు నిద్రలో స్థిరపరుచుకుంటుంది కనుక, ఆదివారం ఒక్కరోజే గంటల తరబడి వేసేకన్నా రోజూ అరగంట వేయడం మేలు.

మానేయవద్దని నేను శాసించను. అందరికీ అన్నీ నచ్చాలని లేదు. అయితే అడుగు తప్పి ఏడుపు వచ్చిన రోజున ఆ నిర్ణయం తీసుకోకండి. ఒక్క అడుగైనా తాళంలో సరిగ్గా పడిన రోజున, అప్పటికీ ఇష్టం లేదనిపిస్తే, నిశ్చింతగా చెప్పండి, మీ అమ్మానాన్నలతో నేను మాట్లాడతాను. ఈలోగా ఏ అడుగు దగ్గర మీ కాలు ఆగిపోతున్నదో నాకు జాబు రాయండి.

ఇట్లు,
మీ తాతయ్య