పాత టవర్లను ఎప్పుడు ఆపేయాలి?

2024 ఏప్రిల్ 25న హెల్సింకీ నుంచి ఎస్టోనియాలోని టార్టూకు బయల్దేరిన ఫిన్‌ఎయిర్ విమానం అక్కడ దిగలేక వెనక్కి వచ్చేసింది. మర్నాడు కూడా అదే జరిగింది. టార్టూ చుట్టుపక్కల జీపీఎస్ సిగ్నల్ అందకుండా జామింగ్ జరుగుతోంది. ఇది రష్యా పనేనని ఎస్టోనియా విదేశాంగ మంత్రి బాహాటంగానే అన్నారు. ఏప్రిల్ 29 నుంచి నెల రోజుల పాటు ఆ సర్వీసే ఆపేశారు.

జీపీఎస్ పోతే విమానం ఆకాశంలో దారి తప్పుతుందనుకోనక్కర్లేదు. బాల్టిక్ మీదుగా తిరిగే పైలట్లకు జామింగ్ అప్పటికే మామూలైపోయింది. విమానంలో తన కదలికను తానే కొలుచుకుని స్థానం లెక్కగట్టే ఇనర్షియల్ పరికరాలుంటాయి, నేల మీద దారి చెప్పే సిగ్నల్ పంపే రేడియో బీకన్లుంటాయి, వాటితో ప్రయాణం సాగిపోతుంది. చిక్కంతా దిగే దగ్గరే వచ్చింది. టార్టూ రన్‌వేకు ఆమోదం పొందిన అప్రోచ్ పద్ధతులన్నీ, అంటే విమానం దిగడానికి రన్‌వేను సమీపించే పద్ధతులన్నీ, జీపీఎస్‌ను నమ్ముకున్నవే. నేల మీది పరికరాలతో మరో పద్ధతి సిద్ధం చేసి, దానికి అనుమతులు వచ్చాకే జూన్ మొదట్లో విమానాలు మళ్లీ దిగాయి. అంతకాలం విమానాన్ని ఆపింది ఒక రకంగా జామర్ ఒక్కటే కాదు, ప్రణాళికలో వదిలేసిన ఖాళీ కూడా.

ఉపగ్రహ సిగ్నల్‌ను చెడగొట్టడం అంత తేలిక ఎందుకయింది? జీపీఎస్ ఉపగ్రహాలు సుమారు 20 వేల కిలోమీటర్ల ఎత్తున, యూరప్ సొంత వ్యవస్థ గెలీలియో ఉపగ్రహాలు 23,222 కిలోమీటర్ల ఎత్తున తిరుగుతుంటాయి. అంత దూరం నుంచి వచ్చి రిసీవర్‌ను చేరేసరికి సిగ్నల్‌లో మిగిలే శక్తి ఎంతంటే, ఒక వాట్‌ను కోటి భాగాలు చేసి, అందులో ఒక్క భాగాన్ని మళ్లీ వంద కోట్ల భాగాలు చేస్తే వచ్చేంత. అదే ఫ్రీక్వెన్సీలో పక్కన చిన్న ట్రాన్స్‌మిటర్ పెట్టినా చాలు, అసలు సిగ్నల్ ఆ రొదలో వినపడదు. యూరప్‌లో జామర్ వాడటం చట్టవిరుద్ధం. అయినా కంపెనీ తనను ట్రాక్ చేయకూడదని సిగరెట్ లైటర్ సాకెట్‌లో జామర్ గుచ్చుకునే డ్రైవర్లు ఉండనే ఉన్నారు.

ఈ బలహీనత తెలియనిదేమీ కాదు. 2008లో బ్రిటన్ దీపస్తంభాల సంస్థలు ఫ్లాంబరో హెడ్ తీరంలో కావాలనే జీపీఎస్‌ను జామ్ చేసి, ఆ ప్రాంతంలోకి ‘పోల్ స్టార్’ అనే తమ ఓడను నడిపి చూశాయి. ఓడను నడిపే గదిలో అలారాలు వరసపెట్టి మోగాయి. ఎలక్ట్రానిక్ చార్టు, చుట్టుపక్కల ఓడలకు తన స్థానం చెప్పే ఏఐఎస్, ఆపదలో సాయం కోరే రేడియో... వేటికవే వేరువేరు పరికరాలనుకున్నవన్నీ లోలోపల ఒకే జీపీఎస్‌ను పట్టుకుని వేలాడుతున్నాయని అప్పుడు బయటపడింది. సిబ్బందికి ముందే చెప్పి చేసిన పరీక్ష కాబట్టి సరిపోయింది.

ఆ పరీక్షలోనే బాగా పనిచేసిన ప్రత్యామ్నాయం ఒకటుంది, ఈలోరాన్. నేల మీది స్తంభాల నుంచి రేడియో తరంగాలు పంపి స్థానం తెలిపే, రెండో ప్రపంచ యుద్ధకాలం నాటి లోరాన్‌కు ఇది కొత్త రూపం. 100 కిలోహెర్ట్జ్ తరంగాలు నేలను అంటిపెట్టుకుని వందల కిలోమీటర్లు పోతాయి. స్తంభాలు ఎత్తైనవి, సిగ్నల్ చాలా బలమైనది. దాన్ని ముంచాలంటే అవతలివాడు కూడా అంతటి స్తంభమే కట్టుకోవాలి. సాంకేతికంగా దీనికి వంక పెట్టేవాళ్లు తక్కువ. అయినా అది నిలవలేదు. దాని కథలో యూరప్ అసలు సమస్య మొత్తం ఉంది.

1992లో నార్వే, డెన్మార్క్, జర్మనీ, ఫ్రాన్స్, నెదర్లాండ్స్, ఐర్లండ్ కలిసి వాయవ్య యూరప్‌కు ఉమ్మడి లోరాన్ వ్యవస్థ నడపడానికి ఒప్పందం చేసుకున్నాయి. ఐర్లండ్ పశ్చిమ తీరంలో లూప్ హెడ్ దగ్గర కట్టాల్సిన స్తంభం స్థానికుల అభ్యంతరాలతో, కోర్టు కేసులతో అసలు లేవనే లేదు. 2005లో ఒప్పందం ముగిసిపోయింది. 2015 చివర నార్వే, ఫ్రాన్స్ తమ స్టేషన్లు మూసేశాయి. బ్రిటన్‌కు ఉత్తర ఇంగ్లండ్‌లోని ఆన్‌థార్న్‌లో ట్రాన్స్‌మిటర్ ఉంది, ఈలోరాన్ కొనసాగించాలన్న కోరికా ఉంది. కానీ స్థానం తెలియాలంటే కనీసం మూడు స్టేషన్ల సిగ్నల్ కావాలి. మిగతావి పరాయి దేశాల్లో ఆగిపోయాక ఆన్‌థార్న్ సమయం చెప్పడానికి పనికొచ్చింది తప్ప, ఓడకు దారి చూపడానికి కాదు. నార్వే ఖర్చు తగ్గించుకుంటే బ్రిటిష్ ఓడకు బ్యాకప్ పోయింది! ఎవరి లెక్కలు వాళ్లకు సరిగ్గానే ఉన్నాయి, కలిపి చూసుకున్నవాళ్లే లేరు.

అమెరికా 1980 నుంచే సమాఖ్య రేడియోనావిగేషన్ ప్రణాళిక ప్రచురిస్తోంది. అక్కడ ప్రభుత్వం ఒక్కటే, పని తేలిక. యూరప్‌లో విమానాల బీకన్లు ఆయా దేశాల విమానయాన సంస్థలవి, తీరం వెంబడి సిగ్నళ్లు దీపస్తంభాల శాఖలవి, రైళ్లది మరో లోకం. పైన విమానాలకు ఐకావో, ఓడలకు ఐఎంఓ, ఫ్రీక్వెన్సీలకు ఐటీయూ అనే అంతర్జాతీయ సంస్థల నిబంధనలు. వీటన్నిటినీ ఒకచోట పెట్టి, ఏది ఉంది, ఏది ఎన్నాళ్లుంటుంది, ఏది ఎవరికి కావాలి అని చెప్పే యూరోపియన్ రేడియో నావిగేషన్ ప్లాన్‌ను యూరోపియన్ కమిషన్ 2018లో గానీ తీసుకురాలేకపోయింది. 2023లో దాన్ని సవరించారు. అది చట్టం కాదు, ఏ దేశాన్నీ కట్టిపడేయదు. నా మటుకు నాకు అందులో అన్నిటికంటే పనికొచ్చే సమాచారం ఏ వ్యవస్థ ఎప్పుడు మూతపడబోతోందన్నదే. కొత్త ఉపగ్రహం గురించి ఎలాగూ అందరూ చెబుతారు, పాత టవర్ ఆగిపోతున్న సంగతి మాత్రం ఎవరూ డప్పు కొట్టి చాటరు.

టార్టూలో అనుమతి ఉంది, సిగ్నల్ లేదు. దీనికి సరిగ్గా తిరగేసిన ఉదాహరణ బ్రిటన్. యూరప్‌లో జీపీఎస్ తప్పులను దిద్దే ఎగ్నోస్ అనే వ్యవస్థ ఉంది, మన దేశంలోని గగన్ లాంటిదే. కచ్చితంగా స్థానం తెలిసిన చోట్ల రిసీవర్లు పెట్టి, జీపీఎస్ చెప్పేది ఎంత తప్పుతోందో అవి చూస్తాయి. ఆ సవరణలను భూస్థిర ఉపగ్రహాల ద్వారా విమానాలకు పంపుతారు. సవరణ కంటే విలువైనది ఇంకొకటుంది: సిగ్నల్ నమ్మదగనిదైతే ఆరు సెకన్లలో హెచ్చరిక వస్తుంది. హెచ్చరిక లేకుండా ప్రమాదకరమైన తప్పు స్థానం చూపే అవకాశం కోటి అప్రోచ్‌లలో రెండుకు మించకూడదన్నది కొలమానం. 2011 మార్చిలో దీన్ని ప్రాణభద్రత సేవగా, అంటే ప్రాణాలు ఆధారపడే పనులకు వాడదగ్గదిగా ప్రకటించాక, రన్‌వే దగ్గర నుంచి రేడియో కిరణాలతో విమానాన్ని కిందికి దించే ఖరీదైన ఐఎల్‌ఎస్ లేని చిన్న విమానాశ్రయాల్లోనూ మబ్బు పట్టినప్పుడు దిగడం సాధ్యమైంది. ఫ్రాన్స్‌లోని పో విమానాశ్రయం అందులో మొదటిది.

బ్రెగ్జిట్ తర్వాత, 2021 జూన్ 25తో బ్రిటన్‌కు ఆ ప్రాణభద్రత సేవ ఆగిపోయింది. ఉపగ్రహాలు అవే, విమానాల్లోని రిసీవర్లు అవే, సిగ్నల్ లండన్ మీద అంతకుముందు లాగే పడుతోంది. కానీ అది తప్పితే బాధ్యత వహిస్తామని, చెడితే కబురు పెడతామని రాసిచ్చే ఒప్పందం లేదు. ఆ కాగితం లేకుండా ఆ సిగ్నల్‌ను నమ్ముకుని విమానం దించడానికి వీల్లేదు. మబ్బులు ఎక్కువగా ఉండే దీవుల విమానాశ్రయాలకే దెబ్బ గట్టిగా తగిలింది. చాదస్తమని కొట్టిపారేయబోయే ముందు 2019 జులై గుర్తుకు తెచ్చుకోవాలి. నేల మీది పరికరాల్లో లోపం వల్ల అప్పుడు గెలీలియో సేవలు దాదాపు వారం పాటు స్తంభించాయి. అందులో జామర్ల ప్రమేయం లేదు, సొంత ఇంట్లోనే వచ్చిన తంటా.

రోడ్ల మీద నిబంధనలు నిశ్శబ్దంగా చొరబడ్డాయి. 2018 మార్చి 31 నుంచి యూరప్‌లో ఆమోదానికి వచ్చే కొత్త కారు మోడళ్లలో, ప్రమాదం జరిగితే తనంతట తానే 112కు ఫోన్ చేసి స్థానం చెప్పే ఈకాల్ ఉండాలి. అది గెలీలియో, ఎగ్నోస్ సిగ్నళ్లను అందుకోగలగాలి. లారీల్లో డ్రైవర్ పని గంటలు రాసుకునే టాకోగ్రాఫ్‌కు ఇంకో అవసరం పడింది: ఎవరైనా దొంగ సిగ్నల్‌తో లారీ మరోచోట ఉన్నట్టు చూపితే? అందుకే కొత్త తరం టాకోగ్రాఫ్‌లు గెలీలియో సందేశానికున్న డిజిటల్ సంతకాన్ని సరిచూసుకునేలా నిబంధన పెట్టారు. ఈ సంతకం నకిలీని పట్టిస్తుంది. జామింగ్‌ను మాత్రం ఏమీ చేయలేదు.

విమానాలకు అసలు గడువు 2030 జూన్ 6. యూరోపియన్ యూనియన్ 2018లో చేసిన నిబంధన ప్రకారం ఆ రోజు నుంచి విమానాలు ప్రధానంగా ఉపగ్రహ ఆధారిత పద్ధతుల్లోనే నడవాలి. దట్టమైన మంచులో దించే ఐఎల్‌ఎస్‌లకు మినహాయింపు ఉంది. ఉపగ్రహ సిగ్నల్ పోయినప్పటికి ఏర్పాట్లు సిద్ధంగా ఉంచాలని కూడా అదే నిబంధన చెబుతోంది. ఆ ఏర్పాట్లలో ముఖ్యమైనవి దూరం కొలిచే డీఎంఈ బీకన్లు. ఇక్కడ తమాషా ఏమిటంటే, గెలీలియో సిగ్నళ్లలో ఒకటి ఈ బీకన్ల ఫ్రీక్వెన్సీ పట్టీలోనే ప్రసారమవుతుంది. బీకన్ల పల్స్‌లు దానికి అడ్డం తగులుతుంటాయి, రిసీవర్లు వాటిని ఏరిపారేసి పని చేసుకోవాలి. ఎన్ని బీకన్లు ఉంచాలి, సరిహద్దుకు అవతల ఉన్న బీకన్ ఇవతలి విమానాశ్రయానికి కావాల్సి వస్తే దాని కరెంటు బిల్లు ఎవరు కట్టాలి అన్న బేరాలు ఇప్పుడు దేశాల మధ్య తెగాల్సి ఉంది. బ్రిటన్ అయితే 2023 అక్టోబరులో ప్రకటించిన విధాన పత్రంలో ఈలోరాన్‌ను మళ్లీ ప్రతిపాదించింది. ఈసారి స్టేషన్లన్నీ సొంత గడ్డ మీదే.