క్లోరిన్ నీటిలో క్లోరోఫారం: యాభై ఏళ్ల నేపథ్యం

1908లో అమెరికాలోని జెర్సీ సిటీ తన సరఫరా నీటికి నిరంతరంగా క్లోరిన్ కలపడం మొదలుపెట్టాక ఆ పద్ధతి ఇతర నగరాలకు వేగంగా వ్యాపించింది. వడపోతతో కలిసి అది టైఫాయిడ్ మరణాలను బాగా తగ్గించింది. సూక్ష్మజీవులను చంపే క్లోరిన్ నీటిలో ఇంకేం చేస్తోందన్న ప్రశ్న మాత్రం చాలా దశాబ్దాలు పెద్దగా తలెత్తలేదు.

దానికి జవాబు వెతికినవారు రోటర్‌డామ్ జల సరఫరా సంస్థలోని రసాయన శాస్త్రవేత్త యోహన్నెస్ రూక్. మూసిన సీసాలో నీటిపైన చేరే ఆవిరిని మిశ్రమంలోని వాయువులను విడదీసి గుర్తించే గ్యాస్ క్రొమటోగ్రాఫ్ పరికరంతో పరీక్షించినప్పుడు, నది నుంచి వచ్చిన ముడినీటిలో లేని క్లోరోఫారం క్లోరిన్ కలిపిన నీటిలో కనిపించింది. కుళ్లిన ఆకుల నుంచి, మట్టి నుంచి నీటిలోకి దిగే సేంద్రియ పదార్థంతో క్లోరిన్ చర్య జరపడమే దీనికి కారణమని ఆయన 1974లో ప్రకటించారు. నీటిలో బ్రోమైడ్ ఉంటే బ్రోమిన్ సమ్మేళనాలూ తయారవుతాయి. ఈ కుటుంబానికే ట్రైహాలోమీథేన్లని పేరు.

1976లో అమెరికా జాతీయ క్యాన్సర్ సంస్థ పరీక్షల్లో క్లోరోఫారం ఎలుకలకు క్యాన్సర్ కలిగిస్తుందని తేలింది. 1979లో ఆ దేశం మొత్తం ట్రైహాలోమీథేన్లకు లీటరుకు 100 మైక్రోగ్రాముల పరిమితి విధించి, 1998లో దాన్ని 80కి తగ్గించింది. మనుషుల విషయంలో చిత్రం ఇంత స్పష్టంగా లేదు. దీర్ఘకాలం ఎక్కువ మోతాదుకు గురైనవారిలో మూత్రాశయ క్యాన్సర్ ముప్పు కొంత ఎక్కువని పలు అధ్యయనాలు చూపినా, కారణం ఏ రసాయనమో ఇంకా తేలలేదు. ఇవి తాగినప్పుడే కాక, వేడినీటి స్నానంలో ఊపిరి ద్వారా, చర్మం ద్వారా కూడా ఒంట్లో చేరతాయి.

పరిమితిని అందుకోవాలన్న తొందర ఎక్కడికి తీసుకెళ్తుందో వాషింగ్టన్ నగరం చూపింది. క్లోరిన్ చర్యవల్ల పుట్టే ఈ ఉపఉత్పన్నాలను తగ్గించడానికి అక్కడ 2000 నవంబరులో క్లోరిన్ స్థానంలో క్లోరమైన్ (క్లోరిన్, అమోనియా కలిసి ఏర్పడే క్రిమిసంహారిణి) వాడటం మొదలుపెట్టారు. పాత సీసపు గొట్టాల లోపల పేరుకున్న పొర క్లోరిన్ ఉన్నంతకాలం స్థిరంగా ఉండేది. క్లోరమైన్ వచ్చాక అది కరగడం మొదలై, వేల ఇళ్ల కుళాయిల్లో సీసం పరిమితిని దాటింది. 2004లో ఈ సంగతి బయటపడి కలకలం రేగిన తర్వాతే, గొట్టాల లోపల పొర కట్టి సీసం కరగకుండా ఆపే ఫాస్ఫేట్‌ను నీటిలో కలపడం మొదలైంది. పసిపిల్లల మెదడుకు హాని చేసే సీసం అన్నేళ్లు తాగునీటిలో పారడం క్షమించరానిది.

నెదర్లాండ్స్ మరో దారి పట్టింది. నీటిలోని సేంద్రియ పదార్థాన్ని ముందే బాగా తొలగించి, గొట్టాలను పటిష్ఠంగా ఉంచుకొని, క్రమంగా క్లోరిన్‌ను పూర్తిగా మానేసింది. గంటల లెక్కన నీళ్లొచ్చి, ఆగినప్పుడు గొట్టాల్లోకి మురుగు ఊరే మన ఊళ్లలో అది సాధ్యం కాదు. కుళాయి చివర మిగులు క్లోరిన్ లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాములు ఉండాలని భారతీయ ప్రమాణం ఐఎస్ 10500 చెబుతోంది. అదే ప్రమాణం క్లోరోఫారాన్ని 0.2 మిల్లీగ్రాములకు పరిమితం చేస్తోంది. క్లోరిన్ ఆపితే వచ్చే అతిసారం ఈ ఉపఉత్పన్నాల కంటే చాలా ముందే ప్రాణం తీస్తుంది కనుక, ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా క్రిమి నిర్మూలనలో రాజీ పడవద్దనే చెబుతోంది. మార్చవలసింది క్లోరిన్ కలిపే చోటును. ముడినీటిలోనే పెద్ద మోతాదులో కలిపే అలవాటు మాని, పటికతో తేర్చి, వడపోసి, సేంద్రియ పదార్థం తగ్గాక కలిపితే అదే రక్షణకు తక్కువ క్లోరిన్ సరిపోతుంది, ఉపఉత్పన్నాలూ తగ్గుతాయి. గొట్టాల్లో నీరు నిలిచేకొద్దీ చర్య సాగుతూనే ఉంటుంది కాబట్టి, నమూనాలను శుద్ధి కేంద్రం గేటు దగ్గర కాకుండా సరఫరా చివరి వీధుల్లో, ముఖ్యంగా ఎండాకాలంలో తీయాలి.