మనం తాగే నీళ్ళు చేపకు ఎందుకు పడవు?

అక్వేరియం నీటిని మొత్తం మార్చి, కుళాయి నీటితో నింపిన కొన్ని గంటలకే చేపలు పైకి చేరి నోళ్ళు తెరుస్తూ కొట్టుకోవడం, తెల్లవారేసరికి వెల్లకిలా తేలడం చాలా ఇళ్ళలో జరిగేదే. ఇంటి దిష్టిని చేప తన మీదికి తీసుకుందని సరిపెట్టుకునేవారు ఉన్నారు. అయితే ఆ దిష్టిని మిల్లీగ్రాముల్లో కొలవవచ్చు. కుళాయి దగ్గర లీటరు నీటిలో కనీసం 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగిలి ఉండాలని మన దేశ తాగునీటి ప్రమాణం చెబుతుంది. కలరా, టైఫాయిడ్‌ల నుంచి మనల్ని కాపాడే ఈ మోతాదులో పదోవంతు సైతం, ఎక్కువకాలం తగిలితే, అనేక జాతుల చేపలకు హానికరం.

మనం తాగిన నీటిలోని క్లోరిన్ లాలాజలంతోనూ, కడుపులోని పదార్థాలతోనూ చర్య జరిపి ఖర్చైపోతుంది. చేపకు ఆ వెసులుబాటు లేదు. 25 డిగ్రీల వద్ద లీటరు నీటిలో కరిగి ఉండే ఆక్సిజన్ సుమారు 8 మిల్లీగ్రాములే, లీటరు గాలిలో దానికి 30 రెట్లు ఉంటుంది. అందుచేత చేప ఎడతెగకుండా నీటిని మొప్పల మీదుగా పంపుతూనే ఉండాలి. అక్కడ నీటికీ రక్తానికీ మధ్య ఉన్నది మిల్లీమీటరులో వెయ్యో వంతుకు కొన్ని రెట్లు మాత్రమే మందం గల పొర.

నీటిలో క్లోరిన్ ప్రధానంగా రెండు రూపాల్లో ఉంటుంది. ఒకటి విద్యుదావేశం లేని హైపోక్లోరస్ ఆమ్లం, రెండోది రుణావేశం గల హైపోక్లోరైట్ అయాన్. కణాన్ని చుట్టి ఉన్న త్వచం లోపలి భాగం కొవ్వుమయం. ఆవేశం ఉన్న అయాన్ చుట్టూ నీటి అణువులు గుమిగూడి ఉంటాయి కనుక, మందీమార్బలంతో బయలుదేరిన నాయకుడు ఇరుకు సందు మొదట్లోనే నిలిచిపోయినట్టు, అది ఆ కొవ్వు పొర దగ్గర ఆగిపోతుంది. ఆవేశం లేని అణువు ఒంటరి బాటసారిలా లోపలికి దూరిపోతుంది. నీటి ఆమ్ల, క్షార గుణాన్ని తెలిపే పీహెచ్ 7.5 దగ్గర ఈ రెండు రూపాలూ సమానంగా ఉంటాయి. 7 దగ్గర నాలుగింట మూడు వంతులు దూరిపోయే రూపమే, 8 దగ్గర అది నాలుగో వంతుకు పడిపోతుంది. క్లోరిన్ బాక్టీరియాను చంపేదీ, మొప్పల కణాలను చంపేదీ ఈ దారిలోనే. బడిలో పీహెచ్‌ను లిట్మస్ కాగితం రంగుతో ముగించేస్తాం కానీ, ఒక అణువు ప్రాణి దేహంలోకి దూరగలదా అన్నది తేల్చే అంకెగా చెబితే పిల్లలు దాన్ని మరచిపోరు.

నీటిని వెడల్పాటి తొట్టిలో ఒక రోజు ఉంచి, గాలి పంపుతో బుడగలు పెడితే క్లోరిన్ చాలావరకు పోతుంది, ఎండ తగిలితే ఇంకా త్వరగా పోతుంది. తొందరగా కావాలంటే సోడియం థయోసల్ఫేట్ ఉంది. ఫొటోల డార్క్‌రూమ్‌లో వాడిన హైపో ఇదే. లీటరుకు 0.5 మిల్లీగ్రాముల క్లోరిన్ ఉన్న 50 లీటర్ల నీటిలో మొత్తం క్లోరిన్ 25 మిల్లీగ్రాములు. థయోసల్ఫేట్ సల్ఫేట్‌గా మారే చర్యలో మిల్లీగ్రాము క్లోరిన్‌కు ఒక మిల్లీగ్రాము లోపు స్ఫటికాలు చాలు, అంతదూరం పోకుండా టెట్రాథయోనేట్ అనే పదార్థం దగ్గరే ఆగే చర్యలో 7 మిల్లీగ్రాములు కావాలి. పెద్ద లెక్కనే పట్టుకున్నా 175 మిల్లీగ్రాములు సరిపోతాయి.

కాలిఫోర్నియాలోని మన తెలుగువారికి ఇది చాలదు. శాన్‌ఫ్రాన్సిస్కో నీటి సరఫరా 2004లో, క్లోరిన్‌ను అమ్మోనియాతో కలిపితే వచ్చే క్లోరమిన్‌కు మారింది. అది ఒక్క రోజులో ఎగిరిపోదు. మొప్పలు దాటి రక్తంలోకి చేరి, హీమోగ్లోబిన్‌ను ఆక్సిజన్ మోయలేని రూపంలోకి మారుస్తుంది. హైపో దాన్ని విడగొడుతుంది కానీ అమ్మోనియాను మిగులుస్తుంది. ఇక్కడ ఆవేశం లెక్క తిరగబడుతుంది. పీహెచ్ 7 దగ్గర ఆవేశం లేని అమ్మోనియా నూటికి ఒక వంతైనా ఉండదు, 8 దగ్గర దాదాపు ఐదు వంతులు ఉంటుంది. అంటే క్లోరిన్ కాస్త మెత్తబడే నీటిలోనే అమ్మోనియా పదునెక్కుతుంది. అందువల్ల అక్కడివారు అమ్మోనియాను కూడా బంధించే మందునే వాడాలి.

ఆ పైన అమ్మోనియాను నైట్రేట్‌గా మార్చే పని ఫిల్టర్ స్పాంజిలోని బాక్టీరియాది. వాటినీ క్లోరిన్ చంపుతుంది కనుక, స్పాంజిని కుళాయి కింద కాక, తొట్టిలోంచి తోడిన పాత నీటిలోనే పిండి కడగాలి.