గ్రూపు వర్క్: లెక్చరర్లలో ఉన్న అపోహలు - అసలు వాస్తవాలు

అపోహ: ఏడుగురికి కలిపి ఒక ప్రాజెక్టు ఇస్తే, వాళ్లే కలిసి నేర్చుకుంటారు.

వాస్తవం: ఇద్దరు చేస్తారు, ఐదుగురు పేర్లు రాయించుకుంటారు. పిల్లల్ని తిట్టి లాభం లేదు, ఇద్దరు చేసేంత పనే ఇచ్చాం. గ్రూపుకి నలుగురు చాలు. ఎవరితో ఉంటారో వాళ్లకే వదిలేస్తే హాస్టల్ వాళ్లంతా ఒకచోట, ఇంటర్ తెలుగు మీడియంలో చదివినవాళ్లు ఇంకోచోట చేరతారు. కాబట్టి జాబితా లెక్చరరే వేయాలి. అబ్బాయిల మధ్య ఒక్క అమ్మాయినే వేయకండి, నోట్సు రాసే పని ఆమె మీద పడుతుంది.

ప్రతి ఒక్కరి అవసరమూ మిగతా ముగ్గురికీ ఉండేలా చేసేది జిగ్సా పద్ధతి. 1971లో అమెరికాలోని ఆస్టిన్ బడుల్లో సైకాలజిస్టు ఎలియట్ ఆరన్సన్ దీన్ని మొదలుపెట్టారు. 60 మంది కంప్యూటర్స్ క్లాసులో సార్టింగ్ (అంకెల్ని వరుసలో పేర్చడం) పాఠం అనుకోండి, అందులో నాలుగు పద్ధతులు. 15 గ్రూపులు. ఒక్కో గ్రూపులో ఒకరికి బబుల్, ఒకరికి సెలెక్షన్, ఒకరికి ఇన్సర్షన్, ఒకరికి మెర్జ్. ఒకే పద్ధతి తమ వంతుకి వచ్చినవాళ్లు ఐదేసి మంది చొప్పున కూర్చుని 15 నిమిషాలు ఒకే అంకెల వరుస మీద చేసి చూస్తారు. తర్వాత సొంత గ్రూపుకి వెళ్లి తలా 5 నిమిషాలు చెబుతారు. చివర్లో 10 నిమిషాల స్లిప్ టెస్ట్, ఎవరిది వాళ్లే రాయాలి, నాలుగు పద్ధతుల మీదా ప్రశ్నలుండాలి. ఈ టెస్ట్ ఎత్తేస్తే మొత్తం శ్రమ వృథా.

ఎక్కడ చెడుతుందంటే, ఒకరు రాకపోతే ఆ ముక్క ఎగిరిపోతుంది. ప్రతి పద్ధతికీ ఒక పేజీ నోట్సు విడిగా ఉంచుకోండి. నార్మలైజేషన్ (డేటాబేస్ పట్టికల్ని మెట్టుమెట్టుగా సరిచేయడం) లాంటి పాఠానికి జిగ్సా వాడకండి, మొదటి మెట్టయిన ఫస్ట్ నార్మల్ ఫామ్ రానివాళ్లకి సెకండ్ ఎక్కదు.

అపోహ: తెలుగులో చర్చించుకుంటే ఇంగ్లిష్ రాదు.

వాస్తవం: చర్చ తెలుగులో, రాసేది ఇంగ్లిష్‌లో. అర్థమైన విషయాన్నే ఏ భాషలోనైనా రాయగలరు. ఇంగ్లిష్ మీడియం కోర్సుల్లోనూ పరీక్ష స్థానిక భాషలో రాయనివ్వాలని 2023లో యూజీసీయే (యూనివర్సిటీ గ్రాంట్స్ కమిషన్) విశ్వవిద్యాలయాలను కోరింది.

అపోహ: పీడీఎఫ్ పంపాం కదా, చూపు లేని విద్యార్థికి అందినట్టే.

వాస్తవం: జిరాక్స్ కాపీని స్కాన్ చేసి పంపితే, తెర మీది అక్షరాల్ని పైకి చదివి వినిపించే స్క్రీన్ రీడర్‌కి అదొక బొమ్మ. యూనికోడ్ (అన్ని కంప్యూటర్లూ, ఫోన్లూ గుర్తించే అక్షరాల పద్ధతి) కాని అను ఫాంట్లలో టైపు చేసిందైతే పిచ్చి అక్షరాలు చదువుతుంది. ఒక లైను కాపీ చేసి వాట్సాప్‌లో పేస్ట్ చేయండి, తెలుగు రాకపోతే యూనికోడ్‌లో మళ్లీ టైపు చేయించాల్సిందే. బోర్డు మీద కూడా ‘ఇది ఇక్కడికొస్తుంది’ అనకుండా ‘రెండో స్థానంలోని 7 మొదటి స్థానానికి వస్తుంది’ అనండి. వెనక బెంచీలో బోర్డు ఆననివాళ్లకీ అప్పుడే అందుతుంది.