తడి తోలు అచ్చుపని: కత్తి ఎప్పుడు పట్టాలి?

విశాఖలో తోలుపని నేర్చుకుందామని వచ్చేవాళ్లలో చాలామంది ముందు కళ్లజోడు కేసు చేస్తామంటారు. తోలు తడిపి, అచ్చు మీద నొక్కి ఆరనిస్తే ఆకారం నిలిచిపోతుంది. పని తేలికే. వీడియోలు చూసి పెంచుకున్న కొన్ని నమ్మకాల వల్లే మంచి తోలు పాడైపోతోంది. ఖరీదు పెట్టి కొన్న ముక్క చెత్తబుట్టలో పడితే నాకు నిజంగా బాధేస్తుంది.

అపోహ: ఏ తోలైనా తడిపితే ఆకారం పడుతుంది.

పడదు. చెట్ల బెరడు, కాయలతో పదును చేసిన తోలుకే, అంటే వెజ్ టాన్‌కే, ఆ గుణం ఉంది. తంగేడు చెక్క, కరక్కాయలతో తోళ్లు పదును చేయడం మన దక్షిణాదిలో పాత పద్ధతే. మెత్తటి హ్యాండ్‌బ్యాగుల తోలు చాలావరకు క్రోమ్‌ది, అంటే క్రోమియం లవణాలతో పదును చేసింది. ఎంత నొక్కినా ఆరేసరికి మళ్లీ మొదటికొస్తుంది. కోసిన అంచు మధ్యలో నీలి బూడిద రంగు కనిపిస్తే అది క్రోమ్ అనుకోవచ్చు.

అపోహ: ఎంత నానితే అంత మంచిది.

నీళ్లలో ముంచిన తోలు నుంచి బుడగలు రావడం ఆగితే చాలు. బయటికి తీశాక కాసేపు ఆగండి. పైరంగు మళ్లీ లేతబడుతూ, చెంపకు ఆనిస్తే చల్లగా తగిలినప్పుడు అచ్చు మీద పెట్టండి. వేడినీళ్ల జోలికి పోవద్దు. 70-80 డిగ్రీలకే ఈ తోలు ముడుచుకుపోయి చెక్కలా తయారవుతుంది.

అపోహ: ముందే సరైన కొలతకు కోసుకోవాలి.

ఎక్కువ ముక్కలు పాడయ్యేది ఇక్కడే. అచ్చు ఎత్తు మీదుగా వంగేటప్పుడు తోలు అంచుల నుంచి లోపలికి లాక్కుంటుంది. ఎటు ఎంత సాగుతుందో ముందే చెప్పలేం, పొట్టభాగం తోలైతే మరీ ఎక్కువ సాగుతుంది. అందుకే చుట్టూ కనీసం అంగుళం అదనంగా వదలండి. తడిగా ఉండగా కత్తి పెడితే తోలు బ్లేడు వెంట జరుగుతుంది, అంచు వంకరపోతుంది. పూర్తిగా ఆరాక, ఉబ్బు మొదలయ్యే గీత నుంచి 3-4 మిల్లీమీటర్లు వదిలి కుట్టు గీత గీయండి. దానికి బయట ఇంకో 3-4 మిల్లీమీటర్లు అంచు. ఇప్పుడు కూడా ఆ బయటి గీత మీదే కోసేయకండి, దానికి కాస్త బయటగా కోయండి. వెనక ముక్కను అంటించి, కుట్టిన తర్వాత రెండు పొరల్నీ కలిపి చివరి కోత కోయాలి. కొత్త బ్లేడుతో, ఒక్కసారే బలంగా నొక్కకుండా, అదే గీత మీద మూడు నాలుగుసార్లు తేలిగ్గా లాగండి. మూలల గుండ్రానికి రూపాయి బిళ్ల పెట్టి గీసుకోవచ్చు. ఆపైన ఉప్పు కాగితంతో రుద్దితే రెండు పొరలూ ఒకే చెక్కలా కలిసిపోతాయి.

అపోహ: వైజాగ్ ఎండకు గంటలో ఆరిపోతుంది.

పైపైన ఆరుతుంది. లోపల తడి అలాగే ఉండి, పైపొర పెళుసెక్కి పగులుతుంది. హెయిర్ డ్రయ్యర్‌తోనూ ఇదే గొడవ. నీడలో, ఫ్యాన్ కింద, అచ్చు మీదే ఒక రోజు వదిలేయండి. వానాకాలంలో రెండు రోజులైనా ఆగాలి. ప్లాస్టిక్ కవర్లో మాత్రం పెట్టకండి, మన సముద్రపు తేమకు బూజు పట్టేస్తుంది. ఇంకో సంగతి: తడి తోలుకు ఇనుప క్లిప్పులు, మేకులు తగిలితే నల్లమచ్చలు పడతాయి. తోలులోని టానిన్, అంటే బెరడు, కాయల నుంచి తోలుకు పట్టిన వగరు పదార్థం, ఇనుముతో కలిసినందువల్ల వచ్చే మచ్చలవి. బీచ్ రోడ్డు వైపు ఇళ్లలో ఇనుప వస్తువు ఏదైనా త్వరగా తుప్పు పడుతుంది కాబట్టి ఇంకా జాగ్రత్త. చెక్క అచ్చు, ప్లాస్టిక్ క్లిప్పులు వాడండి.

అపోహ: ఒకసారి ఆరిపోతే ఇక మార్చలేం.

మార్చొచ్చు. ఒక మూల సరిగా పడకపోతే ఆ చుట్టుపక్కలంతా స్పాంజితో తడిపి మళ్లీ నొక్కండి. ఒక్క చోటే తడిపితే చార పడుతుంది. పని మొత్తం చెడిందనిపిస్తే ముక్కంతా నానబెట్టి మళ్లీ మొదలుపెట్టొచ్చు. అయితే ఇదంతా నూనె, ఫినిష్ పూయకముందే, ఎందుకంటే అవి పడ్డాక నీళ్లు సరిగా ఇంకవు. తక్కువైన అంచును మాత్రం ఎన్ని నీళ్లు పోసినా తిరిగి తేలేం.