కౌన్సెలర్ ఎవరో చెప్పని చట్టం: కాలేజీల్లో ఇప్పటి పేచీకి మూలం 2017లో ఉంది

వంద మంది, అంతకు మించి విద్యార్థులున్న ప్రతి విద్యాసంస్థ అర్హత గల కౌన్సెలర్‌నో, సైకాలజిస్టునో, సోషల్ వర్కర్‌నో పెట్టుకోవాలని సుప్రీంకోర్టు 2025 జూలై 25న తేల్చి చెప్పింది. ఆ కేసు పుట్టింది విశాఖపట్నంలోనే. అక్కడ హాస్టల్లో ఉంటూ నీట్‌కు చదువుతున్న పశ్చిమ బెంగాల్ అమ్మాయి 2023 జూలైలో చనిపోతే, సీబీఐ దర్యాప్తు కోరుతూ తండ్రి కోర్టులు తిరిగాడు. హైకోర్టు కాదంది. జస్టిస్ విక్రమ్‌నాథ్, జస్టిస్ సందీప్ మెహతాల ధర్మాసనం ఆ దర్యాప్తును సీబీఐకి అప్పగించడమే కాక, దేశం మొత్తానికీ వర్తించేలా 15 మార్గదర్శకాలు ఇచ్చింది. పిల్లల, కౌమార మానసిక ఆరోగ్యంలో శిక్షణ పొందినట్టు చూపగలిగినవారే ఆ కుర్చీలో కూర్చోవాలన్నది వాటిలో ఒకటి. ఫలితాలు, ప్రవేశపరీక్షలు వచ్చిన ప్రతిసారీ రాజుకుంటున్న వాదన దీని గురించే.

యాజమాన్యాల మాట క్లుప్తంగా ఇది: మా దగ్గర కౌన్సెలర్లు ఉన్నారు, సీనియర్ లెక్చరర్లకు శిక్షణ ఇప్పించాం, పిల్లల్ని రోజూ చూసేది వాళ్లే, ఇన్ని కాలేజీలకు సైకాలజిస్టులు ఎక్కడి నుంచి వస్తారు? చివరి మాటలో నిజం ఉంది. మిగతావి నిలబడవు. లెక్చరర్లకు శిక్షణ ఇవ్వాలని తీర్పులో వేరే నిబంధన ఉంది. బోధన, బోధనేతర సిబ్బంది అందరికీ ఏడాదికి కనీసం రెండుసార్లు ప్రాథమిక మానసిక సహాయం, ప్రమాద సంకేతాలు గుర్తించడం నేర్పాలని అది చెబుతుంది. కౌన్సెలర్ నియామకానికి అది అదనం. ఒకటి చేసి రెండోదాని లెక్కలో రాసుకుంటే కుదరదు.

అయితే ఇలా రాసుకునే వీలు ఎలా వచ్చింది? విద్యార్థి ఆత్మహత్యల మీద కమిటీలు వేయడం, నివేదికలు మూలన పడటం ఉమ్మడి రాష్ట్రం నాటి నుంచీ చూస్తున్నదే కాబట్టి ఆ చరిత్ర వదిలేద్దాం. చూడాల్సింది 2017 ఏప్రిల్‌లో ఆమోదం పొందిన మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం. చాలా మంచి చట్టం. ఆత్మహత్యకు ప్రయత్నించిన మనిషిని నేరస్థుడిగా కాక, తీవ్ర ఒత్తిడిలో ఉన్నవాడిగా చూడాలని దాని 115వ సెక్షన్ చెప్పింది. పోలీసు కేసు భయంతో విషయం దాచిపెట్టడానికి కాలేజీలకున్న సాకు ఆ రోజుతో పోవాల్సింది.

కానీ అదే చట్టం మానసిక ఆరోగ్య నిపుణుడంటే ఎవరో నిర్వచిస్తూ సైకియాట్రిస్టును, క్లినికల్ సైకాలజిస్టును, సైకియాట్రిక్ సోషల్ వర్కర్‌ను, మానసిక ఆరోగ్య నర్సును పేర్కొంది. క్లినికల్ సైకాలజిస్టుకు భారత పునరావాస మండలి గుర్తించిన క్లినికల్ సైకాలజీ అర్హత గానీ, పీజీ తర్వాత పర్యవేక్షణలో రెండేళ్ల పూర్తికాలం ఎంఫిల్ గానీ ఉండాలంది. ఆయుర్వేదం, హోమియో, యునానీ, సిద్ధలలో మానసిక విభాగం పీజీలకూ చోటిచ్చింది. కౌన్సెలర్ ఊసే లేదు. స్కూళ్లలో, కాలేజీల్లో, హెచ్‌ఐవీ పరీక్షా కేంద్రాల్లో అప్పటికే వేలమంది చేస్తున్న పని చట్టం కంటికి ఆనలేదు. అర్హత, రిజిస్టరు, ఫిర్యాదు చేసే చోటు ఏదీ లేని ఉద్యోగం కావడంతో ఆ బోర్డును ఎవరైనా తగిలించుకోగలిగారు. సైకాలజీలో ఎంఏ చేసి, ఏళ్ల తరబడి పర్యవేక్షణలో పనిచేసినవారికీ, వారాంతపు సర్టిఫికెట్ కోర్సు చేసినవారికీ కాగితం మీద తేడా లేకుండా పోయింది. ఇప్పటి గొడవకు మిగతా కారణాలన్నీ దీని తర్వాతివే.

నాలుగేళ్లకు దిద్దుబాటు మొదలైంది. 2021లో వచ్చిన అనుబంధ, ఆరోగ్య సంరక్షణ వృత్తుల జాతీయ కమిషన్ చట్టం, ప్రవర్తనా ఆరోగ్య శాస్త్రాల విభాగం కింద సైకాలజిస్టులను, కౌన్సెలర్లను, సోషల్ వర్కర్లను షెడ్యూల్లోకి తెచ్చింది. ఆరోగ్య సంరక్షణ వృత్తి నిపుణుడి హోదాకు మూడు నుంచి ఆరేళ్లలో కనీసం 3,600 గంటల చదువు ఉండాలని నిర్వచనంలోనే పెట్టింది. రాష్ట్రానికో కౌన్సిల్, అందులో రిజిస్టరు ఉండాలంది. ఆ కౌన్సిళ్లు ఎంత నత్తనడక నడిచాయంటే, 2024 ఆగస్టులో సుప్రీంకోర్టే రాష్ట్రాలకు రెండు నెలల గడువు పెట్టాల్సి వచ్చింది. రిజిస్టరు పక్కాగా ఉంటే యాజమాన్యం పేరు చూపిస్తుంది, తీర్పు ప్రకారం కలెక్టరు అధ్యక్షతన ఏర్పడాల్సిన జిల్లా పర్యవేక్షణ కమిటీ సరిచూసుకుంటుంది, అక్కడితో వాదన ముగుస్తుంది.

శిక్షణ అంటే ఏమిటో తెలియకే చాలామంది దీన్ని డిగ్రీల పట్టింపు అనుకుంటున్నారు. వీకెండ్ టెస్టులో మార్కులు పడిపోయి, పై సెక్షన్ నుంచి కింది సెక్షన్‌కు మార్చిన కుర్రాడు వచ్చి ‘ఇంటికెళ్లిపోతా సార్’ అంటాడు. లెక్చరర్ కౌన్సెలర్ నోట సహజంగా వచ్చే మాట: ‘మీ నాన్న ఎంత కష్టపడి ఫీజు కడుతున్నాడో తెలుసా?’ చెడ్డ ఉద్దేశం కాదు. కానీ ఆ ఒక్క మాటతో పిల్లాడి తలమీద ఇంకో బరువు పడింది, నోరు మూతపడింది. శిక్షణ ఉన్నవారు ‘సెక్షన్ మారిందని తెలిశాక ఆ రాత్రి ఎలా గడిచింది?’ అని అడిగి ఆగుతారు. మనస్తత్వవేత్త కార్ల్ రోజర్స్ 1940ల నుంచి అమెరికాలో చెప్పిన పద్ధతికి పునాది ఇదే: సలహా తర్వాత, ముందు ఎదుటివాడి వైపు నుంచి చూడు, షరతు పెట్టకుండా ఆదరించు.

ఆ పద్ధతిని మన దగ్గర మక్కికి మక్కి దించుకోవడం కుదరదని భారతీయ మనోవైద్యుడు జస్వంత్ సింగ్ నేకీ 1973లోనే వాదించారు. మనవాళ్లు సహాయం కోసం వచ్చేది గురువు దగ్గరికి వచ్చినట్టు, దారి చూపమని అడుగుతారు అన్నారు. ఈ వాదనను తెచ్చి లెక్చరరే మంచి కౌన్సెలర్ అనేవాళ్లున్నారు. నేకీ చెప్పిన గురువు చేతిలో అటెండెన్స్ రిజిస్టరు, సెక్షన్ మార్చే అధికారం ఉండవు. మార్కులు వేసే మనిషి ముందు పిల్లాడు తన భయం చెప్పుకోడు. అందుకే ఒకే విద్యార్థికి పాఠం చెప్పేవారు, కౌన్సెలింగ్ చేసేవారు ఒకరై ఉండకూడదన్నది ఈ వృత్తిలో ప్రాథమిక నియమం.

ప్రాణం మీదికొచ్చే సందర్భంలో ఈ తేడా ఇంకా స్పష్టం. ‘ఏమీ చేసుకోనని మాటివ్వు’ అని ఒప్పందం రాయించుకునే పద్ధతి 1973లో అమెరికాలో ప్రచారంలోకి వచ్చింది. అది ప్రాణాలు కాపాడుతుందన్న రుజువు దొరకలేదు. పైగా మాటిచ్చిన మనిషి తర్వాత నిజం చెప్పడానికి జంకుతాడు. దాని స్థానంలో అమెరికా మనస్తత్వవేత్తలు బార్బరా స్టాన్లీ, గ్రెగరీ బ్రౌన్ రూపొందించిన భద్రతా ప్రణాళిక వచ్చింది. ఒక్క కాగితం మీద విద్యార్థి సొంత మాటల్లోనే ఆరు విషయాలు రాయిస్తారు. మొదట, ఆలోచనలు ముసురుకోబోతున్నాయని తెలిపే గుర్తులు. ఆ వెంటనే తనంతట తాను చేసుకోగల పనులు, మనసు మళ్లించే మనుషులు, చోట్లు. ఆపైన నోరు విప్పి సాయం అడగదగినవాళ్ల పేర్లు, నంబర్లు. అయిదోది డాక్టరు, హెల్ప్‌లైను. ఆఖరుది పరిసరాల్లో ప్రమాదం లేకుండా చేయడం, ఇందులో వార్డెన్‌నూ తల్లిదండ్రులనూ కలుపుకోవాలి. రాయించి వదిలేస్తే సగం పనే. ఫోన్లో వెంటబడి కనుక్కుంటూ ఈ ప్రణాళిక వాడినప్పుడు ఆరు నెలల్లో ఆత్మహత్యాయత్న ప్రవర్తన దాదాపు సగం తగ్గిందని 2018లో వెలువడిన అమెరికా మాజీ సైనికుల అధ్యయనం చూపింది. సూటిగా అడిగితే లేని ఆలోచన పుట్టిస్తామేమోనన్న భయం కూడా పరిశోధనల్లో తప్పని తేలింది. అడగాలి.

అడిగే తీరు మాత్రం ముఖ్యం. చాలాచోట్ల డిప్రెషన్ లక్షణాలను అంచనా వేసే తొమ్మిది ప్రశ్నల పీహెచ్‌క్యూ ఫారం తరగతి మొత్తానికి పంచి, క్లాస్ టీచర్ చేతే వసూలు చేయిస్తారు. గరిష్ఠ స్కోరు 27. పది, అంతకు మించి వస్తే నిపుణుడు కూర్చుని మాట్లాడాలి. తొమ్మిదో ప్రశ్న చావు ఆలోచనల గురించి. దానికి సున్నా కాకుండా ఏం రాసినా అదే రోజు విడిగా మాట్లాడాలి. టీచర్ తీసుకుంటాడని తెలిసి పిల్లలంతా సున్నాలు చుడతారు. ‘మా దగ్గర సమస్యే లేదు’ అని ఫైలు తయారవుతుంది.

అర్హులను నియమించిన చోట కూడా పని పాడయ్యేది ఏర్పాట్ల దగ్గరే. కౌన్సెలర్ గది ప్రిన్సిపల్ గది పక్కన ఉంటుంది. స్టడీ అవర్‌లో ఫ్లోర్ ఇన్‌ఛార్జి పేరు పెట్టి పిలిచి స్లిప్ ఇస్తే రూమంతా తెలిసిపోతుంది. లెక్చరర్ సెలవు పెడితే క్లాసు తీసుకోమంటారు. ముప్పావుగంట చొప్పున రోజుకు ఆరుగురు, వారానికి 30 మంది అనుకున్నా, వెయ్యిమంది ఉన్న క్యాంపస్‌లో ఒక్కొక్కరిని ఒక్కసారి చూడటానికే 33 వారాలకు పైనే పడుతుంది. ఇంటర్ విద్యాసంవత్సరం దాదాపు అయిపోతుంది. అమెరికా స్కూల్ కౌన్సెలర్ల సంఘం 250 మందికి ఒకరు ఉండాలంటుంది. మన తీర్పు తగిన నిష్పత్తి ఉండాలంది కానీ అంకె ఇవ్వలేదు. వంద మంది ఉంటే కనీసం ఒకరు అన్న కనీసాన్నే గరిష్ఠంగా చదువుకుంటున్నారు.

గోప్యత ఇంకో చిక్కు. మొదటి రోజే కౌన్సెలర్ చెప్పి రాసివ్వాలి: నువ్వు చెప్పింది బయటికి పోదు, కానీ నీ ప్రాణానికో ఇంకొకరి ప్రాణానికో ప్రమాదమైతే చెప్పక తప్పదు. పద్దెనిమిదేళ్లు నిండనివారిపై లైంగిక వేధింపు విషయమైతే, పిల్లల్ని లైంగిక నేరాల నుంచి కాపాడే పోక్సో చట్టం 19వ సెక్షన్ ప్రకారం ఫిర్యాదు చేసి తీరాలి. వారం వారం ఎవరు వచ్చారో పేర్ల జాబితా మేనేజ్‌మెంటుకు పంపమనడం ఈ మినహాయింపుల్లో ఎక్కడా లేదు. జీతమిచ్చేది వాళ్లే కాబట్టి కౌన్సెలర్ కాదనలేకపోతున్నారు.

2022లో దేశంలో 13,044 మంది విద్యార్థులు ఆత్మహత్య చేసుకున్నారని జాతీయ నేర గణాంకాలే చెబుతున్నాయి. తీర్పు ప్రకారం ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైను టెలిమానస్ నంబరు 14416 హాస్టళ్లలో, తరగతుల్లో పెద్ద అక్షరాలతో కనిపించాలి. రోజంతా, తెలుగులోనూ మాట్లాడతారు. జిల్లా కమిటీ తనిఖీకి వెళితే ఆ బోర్డుతో పాటు కౌన్సెలర్ శిక్షణ పత్రాలు, టైంటేబుల్లో వారి పేరు మీద క్లాసులేమైనా ఉన్నాయా అన్నది, వారి రికార్డుల బీరువా తాళం ఎవరి దగ్గరుందన్నది చూడాలి. చట్టం వచ్చేదాకా ఈ మార్గదర్శకాలే చట్టమని ధర్మాసనం చెప్పింది. రాష్ట్రాలు రాసుకునే నిబంధనల్లో కౌన్సెలర్‌ను తొలగించాలంటే జిల్లా కమిటీ అనుమతి ఉండాలని ఒక్క వాక్యం చేర్చాలి. లేకపోతే అర్హత ఉన్నవారు కూడా కాలేజీ చెప్పినట్టే నడుచుకోవాల్సి వస్తుంది.